వాయించినవాడి పేరేది?

పోయిన నెలలో మన సముద్రం వొడ్డు పల్లెల్లో వొక పలకల పెద్దాయన చనిపోయాడు. యాభై యేళ్ళు పలక వాయించాడు. పెళ్ళికి వాయించాడు, తిరనాళ్ళకి వాయించాడు, చావుకి వాయించాడు, ఊరి చాటింపుకి వాయించాడు, మన సభలకి పైసా అడక్కుండా వాయించాడు. మట్టి చేసి వచ్చాక, కాలేజీలో చదివే మనవడు తాత వాయించింది వొక్కసారి వినాలని పల్లెలో వున్న ఫోన్లన్నీ వెతికించాడు. ముప్ఫై దాకా వీడియోలు దొరికాయి. వొకదాంట్లో నాయకుడి మెడలో దండ, వొకదాంట్లో పెళ్ళికొడుకు కారు, వొకదాంట్లో చిందులేసే కుర్రాళ్ళు. పలక వినపడతానే వుంది. వాయించే చేతులు అక్కడక్కడా కనపడతాయి. ముఖం కనపడదు. కింద రాసిన మాటలు ‘మాస్ డప్పు’, ‘ఊర మాస్ బీట్’. పేరు వొక్కదానికీ లేదు.

అదే వారం మా ‘రికార్డుల ఆదివారం’ వచ్చింది. నెలకొకసారి అంబేద్కర్ భవనంలో చాపలు పరుచుకుని పాత జాజ్ గ్రామఫోను రికార్డులు వింటాం. విన్నాక టీ తాగుతూ వాటి గురించి వాదించుకుంటాం. యీ సంగతి తెలిసి పాఠకులు కొందరు వుత్తరాలు రాశారు. “ఇళ్ళ స్థలాల కోసం జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే మీకు అమెరికా పాటలు కావాల్సి వచ్చాయా?” అని వొకరు. “రికార్డులు పోగుచెయ్యడం డబ్బున్నోళ్ళ సరదా, దళిత పత్రికకి దాంతో ఏం పని?” అని యింకొకరు. న్యాయమైన ప్రశ్నలే. జవాబు చెప్పాల్సిన బాధ్యత మాకుంది. ఆ పేరు లేని ముప్ఫై వీడియోల దగ్గరే ఆ జవాబు మొదలవుతుంది.

ముందు రికార్డులు మా దగ్గరికి ఎట్లా వచ్చాయో చెప్పాలి. నెల్లూరుకీ కావలికీ మధ్య బిట్రగుంట వుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకోషెడ్డు, దాని చుట్టూ రైల్వే కాలనీ. ఆ కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వుండేవి. పాటా, డాన్సూ వాళ్ళ ఇళ్ళల్లో మామూలు విషయం. తర్వాత కాలంలో వాళ్ళల్లో చాలామంది ఆస్ట్రేలియాకీ, ఇంగ్లండుకీ వెళ్ళిపోయారు. అట్లా వెళ్ళిన వొక ఇంటి రేకు పెట్టె పాత ఇనుప సామాన్ల కొట్టులో మా మిత్రుడి కంటపడింది. తూకానికి కొన్నాడు. లోపల అరవైకి పైగా నల్ల పళ్ళాలు. ఇరవై దాకా పగిలిపోయాయి. మిగతావి ఉప్పుగాలికి బూజు పట్టాయి. వాటిని తుడవడం కూడా మాకు తెలియదు. స్పిరిట్ పెట్టి రుద్దితే మొదటి రికార్డు మొహం కరిగిపోయింది. ఆ కాలపు రికార్డులో లక్క వుంటుందనీ, లక్క స్పిరిట్‌కి కరుగుతుందనీ వొకటి పాడుచేసుకున్నాకే నేర్చుకున్నాం. యిప్పుడు తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెడుతున్నాం. నిమిషానికి 78 చుట్లు. వొక పక్కకి మూడు నిమిషాల పాట. ట్రంకులో దొరకనివి, అంతకంటే పాతవి, తర్వాత కొత్తగా అచ్చేసిన రూపంలో సంపాదించాం.

మొదటి ఆదివారం పల్లె పెద్దలు కూడా వచ్చి కూర్చున్నారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు పెట్టాం. వొక తాత ఎగాదిగా చూశాడు.

“ఏంది ఐవోరా, మన పలకలు చాలవని తెల్లోళ్ళ పాటలు తెచ్చినావా?”

“తెల్లోళ్ళవి గాదు తాతా. మనబోటోళ్ళవే. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లోళ్ళ బిడ్డలవి.”

తాత పళ్ళెం చేతికి తీసుకుని చూశాడు. “నల్లోడు వాయిస్తే మరి బొమ్మ కుక్కదేసినారేందబ్బా?”

అందరం నవ్వాం. నవ్వాక ఎవరికీ మాట రాలేదు. ఆ రోజు నుంచి మా చర్చలన్నీ తాత అడిగిన ఆ ప్రశ్న చుట్టే తిరుగుతున్నాయి. పాట ఎవరిది? బొమ్మ ఎవరిది? డబ్బు ఎవరిది?

జాజ్ అమెరికా దక్షిణాన న్యూ ఆర్లీన్స్ రేవు పట్నంలో పుట్టింది. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషుల మనవళ్ళు, మునిమనవళ్ళు దాన్ని పుట్టించారు. 1739లో దక్షిణ కరోలినాలో బానిసలు తిరగబడి, డోళ్ళు కొడుతూ రోడ్డెక్కారు. ఆ తిరుగుబాటును అణిచాక 1740లో చట్టం చేసి బానిసల దగ్గర డోలు లేకుండా చేశారు. డోలు వుంటే వొకడు యింకొకడిని పిలుస్తాడని భయం. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆదివారాలు కూడి ఆడుకోనిచ్చారు. ఆ దరువు చావలేదు. తర్వాతి తరాల చేతికి బాకాలూ, క్లారినెట్లూ వచ్చాక వాటిల్లోకి దూరింది.

ఆ పట్నంలో శవం వెంట బ్యాండు నడుస్తుంది. పోయేటప్పుడు గుండె బరువెక్కే కీర్తన, మెల్లగా. మట్టి చేసి తిరిగొచ్చేటప్పుడు హుషారు పాట, వెనకాల జనం ఆడుకుంటూ. యిది చదివి మన పల్లెలో ఎవరూ ఆశ్చర్యపోరు. శవం ముందు పలక, పలక ముందు చిందు మనకి కొత్తా? తేడా వొక్కటే. అక్కడ యజమాని డోలు లాక్కున్నాడు. యిక్కడ ఊరు మన మెడలో పలక తగిలించింది. కొడితే తప్పని వాళ్ళని అక్కడ శిక్షించారు, కొట్టకపోతే తప్పని మనల్ని యిక్కడ శిక్షించారు. రెండు చోట్లా మన చేయి మనది కాదు.

యిక రికార్డుల సంగతి. జాజ్‌కి మొదటి మొనగాడని ఆ పట్నం జనం చెప్పుకునే మనిషి బడ్డీ బోల్డెన్. 1877లో పుట్టాడు. కార్నెట్ వూదేవాడు. 1907లో మతి చెదిరితే పిచ్చాసుపత్రిలో వేశారు. 1931లో అక్కడే చనిపోయాడు. ఆయన వూదిన రికార్డు వొక్కటి కూడా యింతవరకూ దొరకలేదు. జాజ్ పేరుతో మొదటి రికార్డు 1917లో వచ్చింది. వాయించినవాళ్ళు అయిదుగురూ తెల్లవాళ్ళు. పండించినోడు వొకడు, తూకం రాళ్ళు పట్టుకున్నోడు యింకొకడు. వరి పండించే మన నెల్లూరు కూలోళ్ళకి యిది విడమరిచి చెప్పక్కర్లేదు.

1920 ఆగస్టులో మేమీ స్మిత్ అనే నల్లజాతి మహిళ బ్లూస్ పాట రికార్డయింది. నల్లవాళ్ళు ఎగబడి కొన్నారు.  వాళ్ళ జేబులో కూడా డబ్బుంటుందని కంపెనీలకి అప్పుడు అర్థమయింది. వెంటనే నల్లవాళ్ళ కోసం వేరే నంబర్లతో, వేరే జాబితాలతో ‘రేస్ రికార్డులు’ అమ్మారు. రికార్డుల్లో కూడా వెలివాడ!

1923లో ఇండియానా రాష్ట్రంలో జెన్నెట్ అనే కంపెనీ కింగ్ ఆలివర్ జట్టును రికార్డు చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి రికార్డులు అవే. అప్పటికి రికార్డింగుకి మైకు వాడేవాళ్ళు కాదు. పెద్ద కొమ్ములోకి వాయిస్తే ఆ అదురుకి సూది మైనం మీద గీత గీస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ వూపుకి పక్కవాళ్ళు వినపడరని ఆయన్ని దూరంగా నిలబెట్టారు. పెద్ద డోలు కొడితే సూది ఎగిరిపోతుందని బేబీ డాడ్స్ అనే గొప్ప డోలు వాద్యకారుడి చేతికి చెక్కముక్కలిచ్చారు. అందుకే ఆ మొదటి రికార్డుల్లో బాకా గట్టిగా వినపడుతుంది, డోలు దాదాపు వినపడదు. అది వినేవాళ్ళు ఆ జట్టుకి డోలు ముఖ్యం కాదనుకుంటారు. మిషను మోయలేనిది చరిత్రలో లేకుండా పోయింది. యింకో సంగతి వినండి. అదే జెన్నెట్ కంపెనీ, నల్లవాళ్ళని చెట్లకి వేలాడదీసిన కూ క్లక్స్ క్లాన్ వాళ్ళకి కూడా డబ్బు తీసుకుని రికార్డులు అచ్చేసి పెట్టింది. వ్యాపారానికి రెండూ వొకటే.

బెస్సీ స్మిత్ రికార్డు పెట్టినరోజు మా కూటమిలో నాట్లకి పోయే అక్క వొకామె, “యిది మైకు ముందు పాడే గొంతు గాదు, మడిలో యీ గట్టు నించి ఆ గట్టుకి పాడే గొంతు” అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. 1923 నుంచి కొలంబియా కంపెనీకి బెస్సీ 160 పాటలు పాడింది. రికార్డులు లక్షల్లో అమ్ముడయ్యాయి. ఆమెకి ముట్టింది పాటకింత అని కూలి. అమ్మకంలో వాటా లేదు. 1937లో కారు ప్రమాదంలో చనిపోతే వేలమంది వచ్చి సాగనంపారు. సమాధి మీద మాత్రం 1970 దాకా పేరున్న రాయి లేదు. ముప్ఫై మూడేళ్ళు! ఆఖరికి ఆ రాయి కోసం డబ్బు పెట్టినవాళ్ళలో జానిస్ జోప్లిన్ అనే తెల్లజాతి గాయని వుంది, చిన్నప్పుడు బెస్సీ యింట్లో పనిచేసిన వొక నల్లజాతి మహిళ వుంది.

యింకా లోపలికి పోతే ఆ పళ్ళెం కూడా మనదే. లక్క మన దేశపు అడవుల్లో దొరికేది. చోటా నాగపూర్ ఆదివాసీలు కొమ్మల మీద నుంచి గీకి తెచ్చిన లక్క షావుకార్ల చేతులు మారి, కలకత్తా రేవు దాటి, అమెరికాలో రికార్డయింది. 1942లో యుద్ధం వల్ల ఓడలు ఆగిపోతే అక్కడి ప్రభుత్వం లక్క వాడకాన్ని డెబ్భై శాతం తగ్గించింది. పాత రికార్డులు తెచ్చిస్తేనే వాటిని పిండి చేసి కొత్తవి చేసే పరిస్థితి వచ్చింది. నల్లవాడి పాటని ఆదివాసీ లక్క మీద చెక్కి కుక్క బొమ్మ అంటించారు. తాత అడిగిన దానికి పూర్తి జవాబు యిదీ.

మరి అక్కడ ఎవరూ ఎదురుతిరగలేదా? తిరిగారు. 1921లో హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి న్యూయార్కులో ‘బ్లాక్ స్వాన్’ పేరుతో సొంత రికార్డుల కంపెనీ పెట్టాడు. దాని డైరెక్టర్లలో వొకరు మహా మేధావి డుబోయిస్. యీ పేరు మన పాఠకులకి కొత్త కాదు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ వుత్తరం రాసింది ఆయనకే. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞాపన ప్రతులు కావాలని అడిగారు. అంతకుముందు 1873లోనే ఫూలే తన ‘గులాంగిరీ’ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదివిన కొలంబియా యూనివర్సిటీ నల్లవాళ్ళ పేట హార్లెంకి ఆనుకునే వుంది. మనకీ వాళ్ళకీ మధ్య యీ దారి మేము వేసింది కాదు, పెద్దలు వేసిందే. బ్లాక్ స్వాన్ ఎక్కువకాలం నిలవలేదు. 1924లో పారామౌంట్ కంపెనీ చేతిలోకి పోయింది. కానీ రికార్డు మీద బొమ్మ కూడా మనదే కావాలని అనుకున్నవాళ్ళు వాళ్ళు.

యిక రికార్డులు పోగుచేసేవాళ్ళ గురించి. వాళ్ళ మీద మాకు భ్రమల్లేవు. చాలామంది చదువుకున్న తెల్లవాళ్ళు. దక్షిణాదిలో నల్లవాళ్ళ గడపగడపకీ పోయి, పాత రికార్డులున్నాయా అని అడిగి, చిల్లర డబ్బులకి కొన్నారు. అందులో కొన్ని యిప్పుడు వేల డాలర్లు పలుకుతున్నాయి. అమ్మిన ఆ ముసలమ్మకి అందులో వాటా లేదు.

అయినా వాళ్ళు చేసిన వొక పనికి మేము దణ్ణం పెడతాం. వాళ్ళు పేర్ల కోసం కొట్లాడారు. పాత రికార్డు మీద జట్టు పేరు, నాయకుడి పేరు వుండేది. మిగతా వాయించేవాళ్ళ పేర్లు వుండేవి కావు. “యీ కార్నెట్ ఎవరిది? యీ క్లారినెట్ ఎవరిది?” అని యీ పిచ్చివాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని వాదించుకున్నారు. వూపిరి తీసే తీరుని బట్టి మనిషిని గుర్తుపట్టారు. వుత్తరాలు రాశారు, బతికున్న వాద్యకారుల్ని వెతుక్కుంటూ పోయి అడిగారు. 1936లో శార్ల్ దెలోనే అనే ఫ్రెంచివాడు ఏ రికార్డులో ఎవరు వాయించారో జాబితాగా పుస్తకం వేశాడు. అదే రోజుల్లో న్యూయార్కులో రికార్డుల కొట్టు నడిపే మిల్ట్ గేబ్లర్ పాత రికార్డులు మళ్ళీ అచ్చేస్తూ వాయించిన అందరి పేర్లూ పళ్ళెం మీదికి ఎక్కించాడు. అట్లా వెతుకుతుండగానే బంక్ జాన్సన్ అనే పాత ట్రంపెట్ వాద్యకారుడు లూసియానాలో వొక చిన్న ఊళ్ళో కూలిపని చేసుకుంటూ దొరికాడు. పళ్ళు వూడిపోయి వూదలేకుండా వున్నాడు. చందాలేసి పళ్ళు కట్టించారు, ట్రంపెట్ కొనిచ్చారు. 1942లో, ముసలితనంలో, ఆయన మొదటి రికార్డు వచ్చింది. రికార్డు వెతకబోయి మనిషిని వెతికారు. పోగుచెయ్యడమంటే అదీ. అల్మరాలో దాచి పక్కవాడి ముందు మీసం తిప్పడం కాదు.

మనలో మనకి వొక పాత తగాదా వుంది. పలక వెట్టికి గుర్తు, విరిచి పారేద్దామనేవాళ్ళు వున్నారు. పలక మన కళ, గుండెకి హత్తుకుందామనేవాళ్ళు వున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టాక పలక తల ఎత్తుకుంది. అయినా చాలా ఇళ్ళల్లో గాయం మానలేదు. మా సంపాదకవర్గంలోనే యిద్దరి నాయనలు కొడుకుల్ని పలక ముట్టనియ్యలేదు. వాళ్ళు తమ మెడలో పలక దించి మా చేతికి బడి పలక ఇచ్చారు. మేము నాలుగక్షరాలు నేర్చి అయివోర్లమయ్యాం. వాళ్ళ పలక మీద వాళ్ళకి కోపం ఎందుకో మాకు తెలుసు. ఊరి పెద్ద పిలిస్తే ముద్ద మధ్యలో వదిలి లేచిన అవమానం అది.

మా మాట యిది. వెట్టిని వదలాలి. విద్యని వదలకూడదు. ఊరికి చాకిరిగా వాయించే పలకని యీ రోజే దించండి. యిష్టంతో, మన ధరకి, మన పేరుతో వాయించే పలకని పట్టుకోండి. పేరు లేకుండా వాయించినంతకాలం, వీడియోకి పది లక్షలమంది చూపరులు వున్నా అది వెట్టే.

చట్టం కూడా కొంత మన వైపుంది. కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శించేవాడికి హక్కు వచ్చింది. పాటగాడు, వాద్యకారుడు మొదలుకొని పాములాడించేవాడి దాకా అందరినీ ఆ చట్టం కళాకారులుగా లెక్కించింది. 2012 సవరణ, వాయించింది తానేనని పేరు వేయించుకునే హక్కుని కూడా ఇచ్చింది. కానీ అందులోనే వొక కంత పెట్టారు. సినిమాలో యాదృచ్ఛికంగా కనపడి, ఆనవాయితీ ప్రకారం పేరు వెయ్యనివాళ్ళని చాలా హక్కుల విషయంలో కళాకారులుగా లెక్కించనక్కర్లేదట. పేరు వెయ్యలేదు కాబట్టి హక్కు లేదు, హక్కు లేదు కాబట్టి పేరు వెయ్యరు! కాబట్టి కెమెరా తిప్పకముందే కాగితం రాయించుకోవాలి. బిర్యానీ పొట్లం తిని వాయించి వచ్చాక అడిగితే ఎవడూ వినడు.

1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరం నేర్చుకుని సారా కొట్లు మూయించారు. వాచకంలో పాఠం చదివి అది తమ బతుకేనని గుర్తుపట్టారు. ఆ రాత్రి బళ్ళల్లో పాడిన ఆడవాళ్ళ గొంతులు ఎన్ని దాచుకున్నాం? యింకా ఆలస్యం చెయ్యొద్దు. ప్రతి పల్లెలో వొక నోటుబుక్కు పెట్టండి. పలక వాయించేవాళ్ళు, నాట్ల పాటలు పాడేవాళ్ళు, బ్యాండు వూదేవాళ్ళు, వొక్కొక్కరికీ వొక పేజీ. పేరు, అమ్మానాయన పేర్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ దరువుని ఏమంటారు, ఏ సందర్భానికి ఏది వాయిస్తారు, రోజుకి ఎంత యిచ్చారు. ఫోనులో రికార్డు చేస్తే మొదట మనిషి ముఖం చూపించి, ఆయన నోటితోనే పేరు చెప్పించండి. తేదీ, ఊరు చెప్పండి. వొక నకలు ఆ యింటి బిడ్డ చేతికి యివ్వండి. ఆ యింటివాళ్ళు వద్దంటే బయటపెట్టొద్దు.

పోయిన ఆదివారం మేము జాజ్ రికార్డులు పక్కనపెట్టి ఆ మనవడు తెచ్చిన ముప్ఫై వీడియోలు పెట్టాం. పెద్దాయన జట్టులో నలభై యేళ్ళు పక్కన నిలబడి వాయించిన తాత వచ్చాడు. ఆయనకి చూపు ఆనదు. కళ్ళు మూసుకుని విన్నాడు. “యిది నాది... యిది వేరే పల్లెవాళ్ళది... ఆపు, మళ్ళీ పెట్టు. యిది ఆయనదే. ఆయన చిటికెన పుల్ల రవ్వంత ఆగి పడతాది. చిన్నప్పుడు వేలు విరిగింది గదా, అందుకని.” ముప్ఫైలో పదిహేడు ఆయనవని తేల్చాడు. మనవడు పక్కన కూర్చుని వొక్కొక్కటీ తేదీతో రాసుకున్నాడు. ఫ్రెంచివాడు జాబితా రాసినప్పుడు జరిగింది యిదే. మా పాఠకులు అడిగిన ప్రశ్నకి మా జవాబూ యిదే.

ఆ పెద్దాయన పేరునీ, ఫోటోనీ, ఆయన వాయించిన దరువుల పేర్లనీ యింటివాళ్ళ అనుమతితో యీ సంచిక చివరి అట్ట మీద వేస్తున్నాం. తిప్పి చూడండి. వచ్చే రెండో ఆదివారం మీ పల్లె నోటుబుక్కుతో రండి.

జై భీమ్!